కుక్క వల్ల పిల్లాడికి మాటలొచ్చేశాయి అనే కథ కాకుండా తెలుగులో ఇంకేమైనా ఉందా?

హొరమావు అమ్మ

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది ధర్మవరం. తొమ్మిదేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాం, హొరమావు దగ్గర. మావాడికి ఆరేళ్ళు. మూడేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు. మాట్లాడతాడు కానీ ఎక్కువగా మనం అన్నదే తిరిగి అంటాడు. "నీళ్ళు కావాలా?" అని అడిగితే "నీళ్ళు కావాలా" అంటాడు. అంటే కావాలని. వద్దనుకుంటే ఏమీ అనడు. ఈ లెక్క అర్థం కావడానికి నాకే ఏడాది పట్టింది.

మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక నల్ల వీధికుక్క ఉంటుంది. పేరు కరియ. కన్నడంలో నల్లోడు అని, వాచ్‌మన్ పెట్టిన పేరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన వీధికుక్కలకి గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు కదా, దీనికి ఎడమ చెవికి ఉంది ఆ కత్తిరింపు. మావాడు మొదటి రోజు నుంచీ ఆ చెవినే చూస్తాడు. చూసి తన ఎడమ చెవి తడుముకుంటాడు. స్కూల్ వ్యాన్ కోసం పొద్దున ఏడుంబావుకి కిందికి దిగుతాం. వాడు మెట్టు మీద కూర్చుని టిఫిన్ డబ్బా మూత గిరగిరా తిప్పుతుంటాడు, అది రెండు అడుగుల దూరంలో పడుకుంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చెత్త ఆటో పాట పెట్టుకుని వస్తే వాడు చెవులు మూసుకుంటాడు, అది మోర ఎత్తి ఊళ పెడుతుంది. ఇద్దరికీ ఆ పాట పడదు. ఇంతే వాళ్ళ స్నేహం.

పోయిన నెల ఒకరోజు కరియ గేటు అవతల ఉంది. మావాడు "బా" అన్నాడు. వాచ్‌మన్ రోజూ దాన్ని పిలిచే మాట అది, కన్నడంలో రా అని. అది వచ్చింది. వాడు ఒక మాట అని, ఆ మాటకి ఎవరో ఒకరు కదిలి రావడం నేను చూడటం అదే మొదటిసారి. నేను చేతిలో నీళ్ళ బాటిల్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇంట్లో చెబితే మా అత్తమ్మ మొహం మాడ్చుకుంది. "ఇన్నేళ్ళు నేను తెలుగులో అరిచి చస్తే, కుక్కని కన్నడంలో పిలిచాడా" అని.

ఇప్పుడు అసలు సంగతి. రాత్రి వాడికి పుస్తకం చదివేది మా అత్తమ్మే. ఆవిడకి తెలుగు తప్ప చదవడం రాదు. మావాడిలాంటి పిల్లాడు, ఒక కుక్క ఉన్న కథ ఏదైనా దొరుకుతుందేమో అని వెతికాను. ఇంగ్లీషులో కొన్ని దొరికాయి. నాకు దొరికినవన్నీ ఒకే కథ. పిల్లాడు మాట్లాడడు, కుక్క వస్తుంది, చివరి పేజీలో వాడు "అమ్మా" అంటాడు, అమ్మ ఏడుస్తుంది. మావాడు ఆ చివరి పేజీ దాకా రాకపోవచ్చు. రాకపోతే వాడికి కథలో చోటు లేనట్టేనా? మా మరిదైతే "కుక్క ఉంది, ఆటిజం పిల్లాడు ఉన్నాడు" అని మార్క్ హాడన్ 2003 నాటి నవల కొనిచ్చాడు, ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్‌టైమ్. మొదటి పేజీలోనే తోట పనిముట్టు గుచ్చుకుని చచ్చిపడి ఉన్న కుక్క. పెద్దవాళ్ళకి బాగుంటుందేమో, నేను మాత్రం దాన్ని పై అరలో పెట్టేశాను.

తెలుగులో ఇలాంటివి ఏమైనా ఉన్నాయా? లేకపోతే మేమే రాసుకోవాలంటే ఎలా రాయాలి?

శీను నంద్యాల

అక్కా, మా ఆఫీసులో ఒకాయన కొడుక్కి ఇలాగే ఉండేది. లాబ్రడార్ జాతి పప్పీ తెచ్చారు, ఆరు నెలల్లో గలగలా మాట్లాడుతున్నాడు. వీధికుక్క ఎందుకు, మంచి బ్రీడ్ తీసుకోండి. ఆలోచించకండి.

హొరమావు అమ్మ

తమ్ముడూ, నేనడిగింది కథ. కుక్క ఆల్రెడీ ఉంది.

బనశంకరి టీచర్

నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, అంటే ఆటిజం లాంటివి ఉన్న పిల్లలకి చదువు చెప్తాను, పద్నాలుగేళ్ళుగా ఇదే పని. ముందు శీనుగారి మాట గురించి. ఆ బాబుకి మాటలు రావడం నిజమే కావచ్చు, కుక్క వల్లే అని ఎలా చెప్తాం? ఆ ఆరు నెలలూ వాడు పెరిగాడు, స్పీచ్ థెరపీకి కూడా వెళ్ళే ఉంటాడు. మాటలొస్తాయని పప్పీని తెచ్చి, రాకపోయేసరికి దాన్ని ఎవరికో ఇచ్చేసిన ఇళ్ళు రెండు నాకు తెలుసు. ఒక ఇంట్లో ఆ అరుపులకి పాప బాత్రూమ్‌లోంచి బయటికి వచ్చేది కాదు. విదేశాల్లో ఆటిజం పిల్లల కోసం కుక్కలకి నెలల తరబడి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారు, పిల్లలు రోడ్డు మీద పరుగు తీయకుండా ఆపడం లాంటివి నేర్పిస్తారు. అది వేరే సంగతి. షాపులో కొన్న పప్పీకి అవేమీ తెలియవు.

కుక్కకి విలువ లేదని కాదు నేననేది. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అని పిల్లల సైకాలజిస్టు ఉండేవాడు. ఎవరితోనూ కలవని ఒక పిల్లాణ్ణి తల్లిదండ్రులు అనుకున్న టైముకంటే ముందే ఆయన దగ్గరికి తీసుకొచ్చారు. అప్పుడు ఆయన కుక్క జింగిల్స్ గదిలోనే ఉంది. పిల్లాడు డాక్టరుని వదిలేసి కుక్క దగ్గరికి పోయాడు. ఆయన దీని గురించి సభలో చెప్తే కొందరు నవ్వారు, 1962లో వ్యాసం కూడా రాశాడు. ఆ కుక్క పిల్లాడికి వైద్యం చేయలేదు, వాడు ఆ గదిలో ఉండగలిగేలా చేసింది. మీ కరియ మెట్టు దగ్గర చేస్తున్నదీ అదే అనుకుంటున్నాను.

రాయడం గురించి చెప్తాను. సోషల్ స్టోరీ అని ఒక పద్ధతి ఉంది. క్యారల్ గ్రే అనే టీచరు 1990ల మొదట్లో మొదలుపెట్టింది. పిల్లాడికి ఎదురయ్యే ఒక్క సందర్భాన్ని తీసుకుని చిన్న చిన్న వాక్యాల్లో, "నేను" అని వాడి వైపు నుంచి రాస్తాం. ఇలా చెయ్యి, అలా చెయ్యకు అనే వాక్యాలు తక్కువగా ఉండాలి. ఎవరు ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు అని చెప్పేవే ఎక్కువ. మనవాళ్ళు రాస్తే ఇదే తలకిందులవుతుంది, పేజీ పేజీకీ నీతులు.

మన పిల్లల్లో చాలామంది రాసిందాన్ని రాసినట్టే తీసుకుంటారు. "కుక్క తోక ఊపితే సంతోషంగా ఉన్నట్టు" అని రాశారనుకోండి, అది వాడికి చట్టం అయిపోతుంది. కోపంగా ఉన్న కుక్క కూడా తోక ఊపుతుంది. తోక బిగుసుకుని, నిటారుగా, చిన్నగా కదులుతుంటే దూరంగా ఉండాలి. అందుకే "కొన్నిసార్లు", "ఎక్కువగా" అనే మాటలు వాడండి. "కరియ ఎప్పుడూ గేటు దగ్గరే ఉంటుంది" అని మాత్రం రాయకండి. ఒక్కరోజు లేకపోతే ఆ రోజు మీ పని అయిపోతుంది. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు దాన్ని ముట్టుకోకపోవడం కథలో తప్పక రావాలి. మెడ చుట్టూ చేతులేసి వాటేసుకోవడం చాలా కుక్కలకి ఇష్టముండదు, కాబట్టి బొమ్మలో కూడా కౌగిలి వద్దు. వాళ్ళు ఎలా కూర్చుంటారో అలాగే, రెండు అడుగుల దూరంలో వేయించండి.

బొమ్మల పుస్తకాలు కావాలంటే మన బెంగళూరులోనే ఉన్న ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి. 2015లో మొదలైంది, ఫ్రీ. తెలుగు కథలు చాలా ఉన్నాయి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే రాసినవాళ్ళ పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, కాబట్టి వేరే భాషలోని కథని మీరే తెలుగు చేసుకోవచ్చు, ప్రింటు కూడా తీసుకోవచ్చు.

అత్తమ్మగారికి నా మాటగా ఒకటి చెప్పండి. ఇంట్లో రెండు మూడు భాషలు వింటే ఆటిజం పిల్లలకి మాటలు ఇంకా ఆలస్యమవుతాయన్నదానికి ఆధారం లేదు. ఒక్క ఇంగ్లీషే మాట్లాడమని ఎవరు చెప్పినా ఆవిడ తెలుగు ఆపక్కర్లేదు. కుక్కకి కన్నడం, అవ్వకి తెలుగు. వాడికి లెక్క కుదిరే ఉంది.

పెరంబూరు మాస్టారు

అమ్మా, నేను చెన్నైలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. మా తాతల కాలం నుంచీ పెరంబూరే. ఆటిజం గురించి నాకు తెలిసింది తక్కువ. టీచరమ్మ చెప్పినదానికి వంక పెట్టను. మీరు తెలుగులో కుక్క కథ లేదంటే మాత్రం ఊరుకోలేకపోయాను.

మన భారతం మొదలయ్యేదే దెబ్బలు తిన్న కుక్కపిల్లతో. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవతల కుక్క కొడుకు అక్కడికి వస్తాడు. రాజు తమ్ముళ్ళు వాణ్ణి కొట్టి తరుముతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతాడు. ఆవిడ వచ్చి అడుగుతుంది, నా బిడ్డ ఏ తప్పూ చేయలేదే, ఎందుకు కొట్టారు అని. నన్నయగారి ఆదిపర్వంలోనే ఉంది. పార్కులోనో ఫంక్షన్‌లోనో మీవాణ్ణి ఎవరైనా కసిరినప్పుడు మీరు అడగాలనుకునే ప్రశ్న ఇదే కదా? ఇక చివర్లో ధర్మరాజు నడుస్తుంటాడు. ద్రౌపది పడిపోయింది, తమ్ముళ్ళు ఒక్కొక్కరే పడిపోయారు. వెనకాల ఒక కుక్క మాత్రం వస్తూనే ఉంది. ఇంద్రుడు రథం తెచ్చి, స్వర్గంలో కుక్కలకి చోటు లేదు, దాన్ని వదిలేసి ఎక్కు అంటే ఈయన ఎక్కనంటాడు. దారంతా ఆ కుక్క ఒక్క మాట మాట్లాడదు, ఈయనా దానితో మాట్లాడడు. మీ మెట్టు మీద స్నేహం చదివితే నాకు అదే గుర్తొచ్చింది. మీ అత్తగారికి ఈ కథ పుస్తకం లేకుండానే వచ్చి ఉంటుంది, ఆవిణ్ణి చెప్పమనండి.

బొమ్మల పుస్తకాలకి ఇక్కడ చెన్నైలో తూలికా అనే పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ వాళ్ళు ఉన్నారు. ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండేలా వేస్తారు. మా మనవరాలికి అవే కొంటాను. ఇంగ్లీషు వాళ్ళమ్మ చదువుతుంది, తెలుగు నేను.

పిల్లల వార్డు నర్సు

కథ సంగతి మీరు చూసుకోండి. నేను టీకా గురించి చెప్పి పోతాను. చెవి కత్తిరింపు ఉందంటే ఆపరేషన్ చేసినప్పుడు రేబిస్ టీకా వేసి ఉంటారు, కానీ అది ప్రతి ఏడాదీ వేయించాల్సింది. కరియకి ఈ ఏడాది పడిందో లేదో వాచ్‌మన్‌ని అడగండి, లేదంటే మీరే వేయించండి. మీవాడు కరిచిందని చెప్పలేడు, గీరిందనీ చెప్పలేడు. రోజూ స్నానం చేయించేటప్పుడు చేతులు, కాళ్ళు చూడండి. చిన్న గీత కనిపించినా పావుగంట పాటు ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో కడిగి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కుక్కలతో రోజూ మెలిగే పిల్లలకి ముందుగానే టీకా వేసే పద్ధతి కూడా ఉంది, మీ పిల్లల డాక్టర్ని అడగండి. ముందు వేయించుకున్నా కరిస్తే మళ్ళీ వేయించాల్సిందే.

వేళచ్చేరి చిన్నోడు

అక్కా, ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా అన్నకి ఆటిజం. ఇప్పుడు ముప్ఫై ఒకటి. మేం చిన్నప్పుడు నాన్న రాజపాళయం జాతి కుక్కపిల్లని తెచ్చారు. తెల్లగా, ముక్కు గులాబీ రంగులో, చూడ్డానికి రాజకుమారుడే. వారం తర్వాత తెలిసింది దానికి చెవుడని. ఆ జాతిలో అది మామూలేనట. నాన్న తిరిగి ఇచ్చేద్దామన్నారు. అప్పటికే అన్న, అది ఒకే చాప మీద పడుకుంటున్నారు. అన్న ఎవరినీ పిలవడు, దానికి పిలిచినా వినపడదు. టపాసులకి ఇల్లంతా అదిరిపోతుంటే అది హాయిగా నిద్రపోయేది. చెవులు మూసుకుని వణుకుతున్న అన్న, దాని పొట్ట పైకీ కిందికీ కదలడం చూస్తూ కూర్చునేవాడు. ఆ తర్వాత ప్రతి దీపావళి అలాగే గడిచింది.

2019లో అది పోయింది. అమ్మ అన్నకి "నిద్రపోయింది నాన్నా" అని చెప్పింది. ఏం చెప్పాలో తెలియక ఆ క్షణంలో నోటికొచ్చిన మాట. దాని తర్వాత ఏడాదికి పైగా అన్న అమ్మని మధ్యాహ్నం పడుకోనివ్వలేదు. కన్ను మూస్తే చాలు వచ్చి భుజం పట్టి కుదిపేవాడు. ఎందుకో మాకు నెలలదాకా తట్టలేదు. తట్టాక అమ్మ ఆ రోజంతా వంటింట్లోంచి బయటికి రాలేదు. సాయంత్రం ఏడింటికి దాని గిన్నెలో అన్నం పెట్టడం కూడా అన్న ఆపలేదు. చాలాకాలం పెట్టాడు, మేమూ ఆపమనలేదు. పొద్దున నేనే తీసేసేవాణ్ణి.

కరియ వీధికుక్క. ఏదో ఒకరోజు కనపడదు. బండి కింద పడొచ్చు, ఎవరైనా పట్టుకుపోవచ్చు, ముసలిదైపోవచ్చు. మీరు రాసే కథలో దానికో పేజీ పెట్టండి. కుక్కలకి వయసవుతుంది, చచ్చిపోతాయి అని ఆ మాటే వాడండి. నిద్ర అనొద్దు, ఊరెళ్ళింది అనొద్దు, దేవుడి దగ్గరికి అని కూడా అనొద్దు. ఆ మాటతో గుడికెళ్ళి వెతికే పిల్లలూ ఉంటారు.

బనశంకరి టీచర్

చిన్నోడుగారూ, మీరు చెప్పింది మా ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. హొరమావు అమ్మా, ఆ పేజీ ఇప్పుడే పెట్టండి, కరియ బాగున్నప్పుడే. జరిగాక చెప్తే ఎక్కదు.

హొరమావు అమ్మ

మూడు వారాలయింది, ఆలస్యానికి ఏమనుకోకండి. కథ రాశాం. స్కూల్ నోట్‌బుక్‌లో పేజీకి ఒకటి రెండు వాక్యాలు, ఫోన్‌లో తీసిన ఫొటోలు ప్రింట్ చేసి అంటించాం. అక్షరాలు మా అత్తమ్మవి, గుండ్రంగా బాగుంటాయి. ఇదీ కథ.

నేను పొద్దున మెట్టు మీద కూర్చుంటాను. వ్యాన్ వస్తుంది. కొన్నిసార్లు ఆలస్యంగా వస్తుంది.

కరియ నల్ల కుక్క. కరియ కొన్నిసార్లు గేటు దగ్గర ఉంటుంది. కొన్నిసార్లు ఉండదు.

కరియ ఎడమ చెవికి చిన్న ముక్క లేదు. డాక్టరు కత్తిరించారు. ఇప్పుడు నొప్పి లేదు. నా చెవికి ముక్క ఉంది.

నేను "బా" అంటాను. కొన్నిసార్లు కరియ వస్తుంది. కొన్నిసార్లు రాదు. రాకపోతే దానికి వేరే పని ఉంది.

చెత్త ఆటో పాట నాకు నచ్చదు. కరియకి నచ్చదు. నేను చెవులు మూసుకుంటాను. కరియ ఊళ పెడుతుంది. ఆటో వెళ్ళిపోతుంది.

కరియ తింటున్నప్పుడు నేను మూత తిప్పుకుంటాను. కరియ పడుకున్నప్పుడు నేను మూత తిప్పుకుంటాను.

కుక్కలకి వయసవుతుంది. వయసైన కుక్కలు చచ్చిపోతాయి. చచ్చిపోయిన కుక్క తిరిగి రాదు. అమ్మ ఏడవచ్చు. నేను ఏడవచ్చు, ఏడవకపోవచ్చు.

ఈ రోజు కరియ ఉంది. నేను మెట్టు మీద ఉన్నాను.

చావు పేజీ దగ్గర అత్తమ్మ ఒప్పుకోలేదు. "పసిబిడ్డ పుస్తకంలో చావేమిటి, అపశకునం" అని పెన్ను కింద పడేసింది. వేళచ్చేరి తమ్ముడి పోస్టు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. తెల్లారి చూస్తే పేజీ రాసి ఉంది. "రాకపోతే దానికి వేరే పని ఉంది" కూడా ఆవిడ చేర్చిందే, నాకు తట్టలేదు.

నర్సుగారూ, కరియకి టీకా వేయించాం. మావాడి గురించి డాక్టర్ని అడిగాను, ఒక డోసు పడింది.

మాస్టారూ, మీరు చెప్పిన ధర్మరాజు కథ అత్తమ్మకి వచ్చు. మొదటిరాత్రి మొత్తం చెప్పింది. చివర్లో ఆ కుక్క యమధర్మరాజుగా మారిపోతుంది కదా, అక్కడ మావాడు లేచి కూర్చుని "కుక్క, కుక్క" అని మంచం మీద కొట్టడం మొదలుపెట్టాడు. అరగంట పట్టింది సర్దుకోవడానికి. కుక్క కుక్కగానే ఉండాలి వాడికి. ఇప్పుడు అత్తమ్మ "నా కుక్క రాకపోతే నేనూ రాను" దగ్గరే ఆపేసి లైటు తీసేస్తుంది. వ్యాసుడికి కత్తెర వేశాం, క్షమించాలి.

శీను తమ్ముడు మెసేజ్ పెట్టి, మాటలు వచ్చాయా అని అడిగాడు. ఒక మాట మాత్రం పట్టుకున్నాడు, "కొన్నిసార్లు". అన్నం తింటావా అంటే కొన్నిసార్లు. స్నానం చేద్దామా అంటే కొన్నిసార్లు. నిన్న వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి వచ్చి "ఏరా, బాగున్నావా" అంటే దానికీ అదే. దీన్ని మాటలు రావడం కింద లెక్కేయకండి, వేస్తే నా కథ కూడా ఆ చివరి పేజీ కథల్లో కలిసిపోతుంది.

ఇక్కడ బొమ్మలు వేసేవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. ఫొటోలు అప్పుడే రంగు పోతున్నాయి, దీన్ని సరిగ్గా వేయించి స్టోరీవీవర్‌లో పెట్టాలని ఉంది. డబ్బులు ఎక్కువ ఇవ్వలేను. చెవి కత్తిరింపు మాత్రం ఎడమవైపే ఉండాలి. మా ఆడబిడ్డ కూతురు ఒక బొమ్మ వేసిచ్చింది, ముద్దుగా వేసింది పాపం, కానీ కుడి చెవికి పెట్టింది. వాడు పుస్తకం మూసి మంచం కిందికి తోసేశాడు.